పండక్కి గుడ్డ ముక్కలతో ఏం కుట్టాలి? తోరణం, కొలువు మెట్ల గుడ్డ, ముగ్గు బొంత: ఏది ఎవరికి

బొంతలు, జాకెట్లు కుట్టే అలవాటున్న ఏ ఇంట్లో చూసినా బీరువా అడుగునో, మంచం కిందో ఒక సంచీ ఉంటుంది. జాకెట్టు కత్తిరించగా మిగిలిన జానెడు ముక్కలు, చిరిగిన చీర నుంచి విప్పి దాచిన అంచు, పిల్లల పట్టులంగా కుట్టాక మిగిలిన కొంగు. పారేయడానికి మనసొప్పదు. దసరా, దీపావళి, క్రిస్మస్, సంక్రాంతి దగ్గరపడుతున్నాయనగానే ఈసారి వీటితో ఇంటికి ఏదైనా కుడదామనిపిస్తుంది. ఫోన్లో వెతికితే ఇరవై రకాలు కనిపిస్తాయి. ఏదీ తేల్చుకోలేక అటూ ఇటూ ఊగుతుండగానే పండగ వచ్చి వెళ్ళిపోతుంది.

అందుకని ఐదు రకాలు పక్కపక్కన పెట్టి చూద్దాం: గుమ్మానికి తోరణం, బొమ్మల కొలువు మెట్లకు గుడ్డ, గోడకు ముగ్గు బొంత, చిలకలూ నక్షత్రాల దండలు, దిండు గలీబులు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సంచీలో ఉన్న గుడ్డ ఏమిటి, ఇంట్లో దాన్ని పెట్టే చోటేమిటి అన్న రెండు ప్రశ్నలే ఏం కుట్టాలో చెబుతాయి. బొమ్మ చూసి ముచ్చటపడి మొదలుపెట్టిన పని చాలాసార్లు సగంలో ఆగిపోతుంది.

అతుకుల పని మనకు కొత్తేమీ కాదు. సంక్రాంతికి వాకిట్లోకి వచ్చే గంగిరెద్దు వీపు మీద రంగురంగుల బొంత చూడండి. మన పక్క రాష్ట్రం ఒడిశాలో పిప్లి ఊరివాళ్ళు గుడ్డ మీద గుడ్డ కుట్టి చేసే పందిళ్ళు, గొడుగులు పూరీ జగన్నాథుడి రథయాత్రలో కనిపిస్తాయి. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ తెగ మహిళలు పాత బట్టలతో కౌదీలనే అతుకుల బొంతలు కుడతారు. మన లంబాడీ తండాల్లో అద్దాలు, గవ్వలు, అతుకులు కలిపి కుట్టే పని సంగతి చెప్పనక్కర్లేదు. పాత గుడ్డ పండక్కి పనికిరాదేమోనన్న సంకోచం ఉంటే వదిలేయండి. శుభ్రంగా ఉతికి, ఇస్త్రీ చేసి, శ్రద్ధగా కుట్టింది ఏదైనా పండగ గుడ్డే.

ముందు సంచీ విప్పండి

ముక్కలన్నీ మంచం మీద పోసి మూడు కుప్పలు చేయండి: నూలు, పట్టు, పాలిస్టర్. చూపుతో తేలకపోతే ఒక్క పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, సింకు దగ్గర అంటించి చూడండి. నూలు కాగితం కాలిన వాసన వేసి మెత్తటి బూడిదవుతుంది. పట్టుకి వెంట్రుక కాలిన వాసన వస్తుంది, నలిపితే పొడిపొడి అవుతుంది. పాలిస్టర్ కరిగి, ముడుచుకుని, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. టైలరు షాపు నుంచి తెచ్చుకున్న సంచీలో ఈ మూడో రకమే ఎక్కువ ఉంటుంది. దీపం దగ్గరికి అది వెళ్ళకూడదు. అంటుకుంటే కరిగి చర్మానికి అతుక్కుంటుంది.

నూలు అంతా ఒకే నూలు కాదు. మంగళగిరి, వెంకటగిరి చీరలు పాతబడేకొద్దీ మెత్తబడతాయి, సూది సాఫీగా దిగుతుంది. అతుకుల పనికి వాటిని మించినవి లేవు. పోచంపల్లి ఇక్కత్ ముక్కలో డిజైను పెద్దది కాబట్టి చిన్న చదరాలుగా కోస్తే దాని అందం పోతుంది, అరచేయంత ముక్కలుగానైనా ఉంచండి. గద్వాల్ చీరలో ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. తడిస్తే రెండూ ఒకేలా ముడుచుకోవు కాబట్టి అంచును విడదీసి వాడండి. పెడన కలంకారీ ముక్కలు ఏ రంగు పక్కనైనా ఒదుగుతాయి. ఇంట్లో ఒక్క మీటరు కలంకారీ ఉన్నా, మిగతా చిందరవందర రంగులన్నిటినీ అది కలిపేస్తుంది.

పాత పట్టుచీరతో ఒక జాగ్రత్త. ఏళ్ళ తరబడి మడత పెట్టిన చోట పట్టు పోగులు చీకిపోయి ఉంటాయి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే మడత గీత వెంట సన్నటి చిల్లులు కనిపిస్తాయి. ఆ భాగం వదిలేసి, మిగతాదానికి వెనక పల్చటి నూలు లైనింగ్ వేసి, రెండూ కలిపి కత్తిరించండి.

ముదురు రంగుల్ని, ముఖ్యంగా ఎరుపు, నీలం, నలుపుల్ని, ముందే పరీక్షించండి. తెల్లగుడ్డ తడిపి ఆ ముక్క మీద వేసి వేడి ఇస్త్రీ పెట్టె ఆనిస్తే, దిగే రంగు తెల్లగుడ్డ మీదికి వచ్చేస్తుంది. ఉప్పు నీళ్ళలో నానబెట్టినంత మాత్రాన అన్ని రంగులూ ఆగవు. దిగే రంగుని తెలుపు పక్కన పెట్టొద్దు, లేదా ఎప్పుడూ ఉతకాల్సిన పని లేని గోడ బొంతకి వాడండి.

చోటు, దీపం, ఉతుకు

ఎక్కడ పెడతారన్నది రెండో ప్రశ్న. వీధి గుమ్మానికి కట్టేది ఎండకు రంగు వెలుస్తుంది, దుమ్ము పడుతుంది, వాన జల్లు కొడితే తడుస్తుంది. అక్కడికి ఉతకగలిగిన నూలే సరి. గోడ మీద ఉండేదానికి దుమ్ము తప్ప శత్రువు లేదు, పట్టు పెట్టొచ్చు. చేతులు తగిలేది, కూర్చునేది, పిల్లలు లాగేది గట్టి గుడ్డతోనే కుట్టాలి.

దీపం మన ప్రతి పండగలోనూ ఉంటుంది. గడపకి అటూ ఇటూ ప్రమిదలు పెట్టే ఇంట్లో తలుపు చట్రం వెంట కిందికి వేలాడే గుడ్డ దండలు వద్దు. పైన అడ్డంగా కట్టే తోరణం ఎత్తులో ఉంటుంది, పర్వాలేదు. నిలువు దండలు కావాలంటే దీపాలు పెట్టని లోపలి గుమ్మానికి కట్టుకోండి. కొలువు ముందు దీపం వెలిగిస్తే, చివరి మెట్టు గుడ్డ నేలని తాకకుండా కాస్త పైనే ఆగాలి, దీపం కూడా మెట్లకి దూరంగా ఉండాలి. క్రిస్మస్ నక్షత్రంలో బల్బు పెడతారు కదా, దాని మీద గుడ్డ తొడగడం ప్రమాదం. గుడ్డ నక్షత్రాన్ని విడిగా వేలాడదీయండి.

ఈ రెండు ప్రశ్నలూ తేలాక చూసుకోవాల్సింది వ్యవధి. కింద పట్టికలో రాసిన సమయం, కుట్టు తెలిసి, ఇంటిపనుల మధ్య వీలు చేసుకునేవాళ్ళకి. కొత్తవాళ్ళు దానికి రెట్టింపు అనుకోండి.

| ఏం కుట్టాలి | ఏ గుడ్డ | పట్టే సమయం | మిషను అవసరమా | కష్టం | ఏ పండగకి |
|---|---|---|---|---|---|
| గుమ్మం తోరణం | నూలు, 6 అంగుళాల చదరాలు | మిషను మీద ఒక రోజు | ఉంటే మంచిది | తక్కువ | అన్నిటికీ |
| కొలువు మెట్ల గుడ్డ | పాత చీర, పీలికలు | రెండు వారాలు | తప్పదు | మధ్యస్థం | దసరా, సంక్రాంతి |
| ముగ్గు బొంత | సాదా నూలు, అంచుకి పట్టు | నెల దాకా | అక్కర్లేదు | ఓపిక కావాలి | సంక్రాంతి |
| చిలకలు, నక్షత్రాలు | అరచేయంత ముక్కలు ఏవైనా | ఒక్కోదానికి గంట | అక్కర్లేదు | తక్కువ | దసరా, క్రిస్మస్ |
| దిండు గలీబులు | గట్టి నూలు మాత్రమే | జతకి రెండు మూడు రోజులు | తప్పదు | తక్కువ | ఏడాదంతా |

గుమ్మం తోరణం

మొదటిసారి చేసేవాళ్ళు దీనితోనే మొదలుపెట్టండి. చిన్న పని, వెంటనే కళ్ళకు కనిపిస్తుంది, వచ్చినవాళ్ళు ముందు చూసేది అదే.

రెండు పద్ధతులున్నాయి. మొదటిది మడత త్రికోణాలు. 6 అంగుళాల చదరాన్ని ఐమూలగా ఒకసారి మడిచి ఇస్త్రీ చేయండి, మళ్ళీ ఐమూలగా మడవండి. కిందికి వేలాడే రెండు వైపులా మడతే వస్తుంది కాబట్టి పోగులు ఊడవు, అంచు కుట్టే పని లేదు. కత్తిరించిన కొసలన్నీ 6 అంగుళాల పై అంచున ఉండిపోతాయి, అవి పట్టీలోకి వెళ్ళిపోతాయి. త్రికోణం లోతు 3 అంగుళాలు. చట్రంతో కలిపి గుమ్మం వెడల్పు 38 అంగుళాలనుకుంటే, 4 అంగుళాలకొకటి చొప్పున ఒకదాని మీదికి ఒకటి కాస్త ఎక్కేలా పేర్చితే 9 త్రికోణాలు సరిగ్గా సరిపోతాయి. పట్టీకి 39 అంగుళాల పొడవు, 5 అంగుళాల వెడల్పు ముక్క కోసి, నిలువునా మడిచి, త్రికోణాల పై అంచును మధ్యలో దూర్చి కుట్టేయండి. గుమ్మం పెద్దదైతే ఇంకో త్రికోణం కలుపుకోండి, లేదా వాటి మధ్య దూరం కొద్దిగా మార్చండి.

రెండోది మామిడాకులు. ఆకుపచ్చ ముక్కలు రెండేసి మంచి వైపులు లోపలికి పెట్టి ఆకు ఆకారంలో కుట్టి, పైభాగం తెరిచి ఉంచి తిరగేయాలి. మధ్యలో ఈనె కోసం ఒక్క వరస కుట్టు. 6 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు బావుంటుంది. కొస దగ్గర మార్జిన్ (కుట్టుకి బయట మిగిలే గుడ్డ) బాగా కత్తిరించకపోతే తిరగేసినప్పుడు మొనదేలదు. ఆకుల మధ్య బంతిపూలు కావాలంటే 5 అంగుళాల గుండ్రటి ముక్క అంచు లోపలికి మడుచుకుంటూ చుట్టూ ముతక కుట్టు వేసి దారం లాగండి. కుచ్చు ముడుచుకుని దాదాపు రెండుంబావు అంగుళాల పువ్వు తయారవుతుంది. పసుపు పువ్వు మీద కొంచెం చిన్న నారింజ పువ్వు వేసి కుడితే ముద్దబంతే.

ఈ రెండిట్లో త్రికోణాలే నా ఓటు. ఆకులు అందంగా ఉంటాయి, కానీ తిరగేసే పని ఎక్కువ. పైగా పండగ పూట గుమ్మానికి మామిడాకులు కట్టాల్సిన చోట మామిడాకులే ఉండాలని నా నమ్మకం. గుడ్డ తోరణం వాటి కింద వరసగానో, లోపలి గుమ్మానికో బావుంటుంది. బతుకమ్మ విషయంలోనూ అంతే. తంగేడు, గునుగు, బంతి పేర్చే చోట గుడ్డ పూలకి పని లేదు, వెనక గోడకి కట్టుకోండి.

తోరణంలోని లోటు ఒకటే. సంచీ ఖాళీ కాదు. తొమ్మిది చదరాలు, ఒక పట్టీ, అంతటితో అయిపోతుంది. మూటెడు గుడ్డ ఉన్నవాళ్ళకి ఇది చాలదు.

కొలువు మెట్ల గుడ్డ

కోస్తాలో చాలా ఇళ్ళలో సంక్రాంతికి, మరికొందరి ఇళ్ళలో దసరాకి కొలువు పెడతారు. మూడో, ఐదో, ఏడో మెట్లు, తెల్లదుప్పటి లేదా పట్టుచీర, దాని మీద బొమ్మలు. అతుకుల పనికి ఇంతకంటే మంచి వేదిక మరొకటి లేదు. కానీ చాలామంది ఇక్కడ అక్కర్లేని శ్రమ పడతారు, మెట్లన్నిటి మీదా పరిచేంత పెద్ద బొంత కుట్టాలనుకుంటారు.

కొలువు పెట్టాక ఒకసారి ఎదురుగా నిలబడి చూడండి. మెట్టు పై భాగాన్ని బొమ్మలే కప్పేస్తాయి. మన కళ్ళకి కనిపించేది ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ మధ్య నిలువుగా ఉండే భాగమే. అతుకుల పని అక్కడుంటే చాలు. పైభాగానికి మామూలు సాదా గుడ్డ పరవండి. అదీ మేలే, ఎందుకంటే దూది పెట్టిన మెత్తటి గుడ్డ మీద బొమ్మ నిలవదు. కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి కర్రతో చేసినవి, చాలా తేలిక. ఏటికొప్పాక లక్క బొమ్మల్లో కింద సన్నగా ఉండేవి చిన్న ఎగుడుదిగుడుకే ఒరిగిపోతాయి. కాబట్టి ఈ పనిలో దూది వద్దు. పై గుడ్డ, వెనక లైనింగ్, అంతే.

కొలతలు ఇలా వేసుకోండి. మెట్టు వెడల్పు 42 అంగుళాలు, ఎత్తు 8 అంగుళాలు అయితే, 6 అంగుళాల చదరపు అతుకులు 7 వరసగా వస్తాయి. పైనా కిందా అంగుళం చొప్పున అంచు. ఐదు మెట్లకి 35 చదరాలు. ఒక్కోటీ కుట్లకు పావు అంగుళం చొప్పున నాలుగు వైపులా వదిలి ఆరున్నర అంగుళాలుండాలి.

పెద్ద ముక్కలున్నవాళ్ళకి రెండు త్రికోణాల చదరం తేలిక. 7 అంగుళాల లేత చదరం, ముదురు చదరం ఒకదాని మీద ఒకటి మంచి వైపులు కలిపి పెట్టి, ఐమూలగా గీత గీసి, గీతకి అటూ ఇటూ పావు అంగుళం దూరంలో కుట్టి, గీత మీద కోయండి. రెండు చదరాలొస్తాయి, ఆరున్నరకి సరిచేసుకోండి. క్రాస్‌గా కోసిన అంచు సాగుతుందని టైలర్లకి తెలుసు. ఇక్కడ కుట్టిన తర్వాతే కోస్తాం కనుక ఆ బాధ తప్పుతుంది. లేతవి 18, ముదురువి 18 చాలు, ఒకటి మిగులుతుంది.

సంచీలో అన్నీ పీలికలే ఉన్నవాళ్ళకి ఇంకో దారి. పాత నూలు పంచె నుంచి 7 అంగుళాల చదరం కోసి దాన్ని పునాదిగా పెట్టుకోండి. ఒక మూల నుంచి మొదలుపెట్టి పీలిక మీద పీలిక మంచి వైపులు కలిపి కుట్టి, విప్పి, వేలితో నొక్కి, పక్కన ఇంకోటి. చదరం నిండాక ఆరున్నరకి కోసేయండి. వేలెడు వెడల్పు ముక్క కూడా వృథా పోదు. జాకెట్టు చంకల దగ్గర మిగిలే వంకర ముక్కలు సైతం దీనిలో ఇమిడిపోతాయి. జరీ ఉన్న పీలిక ఒక్కోదానిలో ఒక్కటి వచ్చేలా చూసుకోండి, దీపం వెలుతురుకి ఐదు మెట్లలోనూ అక్కడక్కడా మెరుస్తుంది.

ఐదు మెట్లకీ కలిపి ఒకే గుడ్డగా కుట్టొద్దు. మెట్టుకో పట్టీ విడిగా కుట్టండి. వచ్చే ఏడాది ఇల్లు మారి మూడు మెట్లే పెట్టినా, బొమ్మలు పెరిగి ఏడు పెట్టినా పనికొస్తాయి. ఒక్కో పట్టీకి పైన 4 అంగుళాల సాదా గుడ్డ అదనంగా కలపండి. అది మెట్టు మీద పరుచుకుంటుంది, ముందు వరసలో బరువైన మట్టి బొమ్మల్ని పెడితే వాటి బరువే పట్టీని పట్టి ఉంచుతుంది. పిన్నులు, మేకులు అక్కర్లేదు.

కష్టం, ఫలితం రెండూ తూచి చూస్తే కొలువు పెట్టే ఇంటికి దీన్ని మించింది లేదు. పేరంటానికి వచ్చినవాళ్ళు ఈ ముక్క ఫలానా చీరది కదూ అని గుర్తుపట్టి అడుగుతుంటే కలిగే ఆనందం వేరు. కొలువు పెట్టని ఇంట్లో మాత్రం ఈ పట్టీలకి పెద్దగా పని లేదు.

ముగ్గు బొంత

ఐదింటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, అందరికీ సిఫారసు చేయలేనిదీ ఇదే. ఆలోచన చిన్నది. బొంత కుట్టడమంటే మూడు పొరల్ని కలిపి పట్టే వరస కుట్టు. ఆ కుట్టు నిలువు గీతల్లో వెళ్ళే బదులు చుక్కల చుట్టూ మెలికల ముగ్గులా తిరుగుతుంది. ముగ్గు గీత ఎక్కడా తెగకుండా వెళ్ళి మొదలైన చోటికే వస్తుంది కాబట్టి కుట్టడానికి ఎంతో అనువు.

24 అంగుళాల చదరపు గుడ్డ తీసుకోండి. ఎర్రమట్టి రంగు మంగళగిరి నూలు మీద తెల్లదారం అలికిన వాకిలినే తలపిస్తుంది. సందు చుక్కల ముగ్గు, 7 చుక్కలు 1 వచ్చేవరకు. వరసలో చుక్కకీ చుక్కకీ 3 అంగుళాలు, వరసకీ వరసకీ ఒకటిన్నర అంగుళం. చుక్కలు అడ్డంగా, నిలువుగా 18 అంగుళాల మేర వస్తాయి, చుట్టూ 3 అంగుళాలు మిగులుతుంది, బయటి మెలికలు అందులోకి కాస్త వస్తాయి. ఆ ఖాళీ చుట్టూ సంచీలోని పట్టు పీలికలతో అంచు కుట్టండి.

చుక్కలు టైలరు వాడే చాక్‌పీసుతో పెట్టండి. చేయి ఆనించి కుడుతుంటే చాక్‌పీసు గీత చెరిగిపోతుంది, అందుకని చుక్కలన్నీ పెట్టినా గీతని మాత్రం ఒక మూల నుంచి కొద్దికొద్దిగా గీసుకుంటూ కుట్టాలి. బాల్‌పెన్ వాడకండి, పోదు. లోపలి పొరగా పాత నూలు పంచె రెండు మడతలు చాలు. తువ్వాలు పెడితే మందమై సూది దిగదు. మూడు పొరల్నీ మధ్య నుంచి బయటికి, నాలుగేసి అంగుళాలకి ఒక వరస చొప్పున టాకాలు (తర్వాత విప్పేసే వదులు కుట్లు) వేయాలి. ఈ పని తప్పించుకోవాలనిపిస్తుంది. తప్పిస్తే వెనక గుడ్డ ముడతలు పడుతుంది, విప్పడం తప్ప దారుండదు.

ఎంబ్రాయిడరీ దారం ఆరు పోగుల్లో మూడు తీసి ఎక్కించండి. దారం అయిపోయిన ప్రతిసారీ ముడి కనబడకుండా దాచాలి. కొస దగ్గర చిన్న ముడి వేసి, మొదలుపెట్టే చోటికి అంగుళం దూరంలో పై గుడ్డలోంచి సూది గుచ్చి, కావలసిన చోట పైకి తీసి, దారాన్ని ఒక్క గుంజు గుంజండి. చిన్న టప్‌మనే చప్పుడుతో ముడి పై గుడ్డ దాటి లోపలి పొరలోకి జారుకుంటుంది. అంగుళానికి ఐదు కుట్లు చాలు, అన్నీ ఒకే పొడవులో ఉండాలి. వంపు తిరిగే చోట సూది మీద రెండు కుట్లకి మించి ఎత్తుకోవద్దు, ఎక్కువ ఎత్తితే మెలిక కోణమైపోతుంది.

వెనక పైభాగంలో గుడ్డ గొట్టం కుట్టి కర్ర దూర్చి వేలాడదీయండి. గోడ అద్దెదైనా రెండు చిన్న కొక్కేలతో సరిపోతుంది.

ఎవరికి వద్దు? పండక్కి పది రోజులే ఉన్నవాళ్ళకి, సాయంత్రం కూర్చునే వీలు లేనివాళ్ళకి. తొందరలో కుట్టిన ముగ్గు బొంత అందంగా రాదు. దసరాకి మొదలుపెట్టి సంక్రాంతికి పెట్టుకుందామనుకునేవాళ్ళకి ఇది చక్కటి పని. ముగ్గులు వేసే చేయి ఉండి, మోకాళ్ళ నొప్పులతో వంగలేకపోతున్న పెద్దవాళ్ళకి మరీను. అమ్మకో, అత్తకో, నాయనమ్మకో చుక్కలు పెట్టే పని అప్పగించి చూడండి.

చిలకలు, నక్షత్రాలు, దిండు గలీబులు

అరచేయంత ముక్కలే ఉండి, పిల్లలు కూడా చేయి వేస్తామంటుంటే చిలకల దండ. రెండు ముక్కల్ని కలిపి చిలక ఆకారంలో, ఒక చోట అంగుళంన్నర తెరిచి ఉంచి కుట్టి, వంపుల దగ్గర మార్జిన్‌కి కత్తెర గాట్లు పెట్టి తిరగేయడమే. గాట్లు పెట్టకపోతే మెడ దగ్గర ముడతలొస్తాయి. నింపడానికి దూది కొననక్కర్లేదు. సంచీ అడుగున మిగిలే దారపు కొసలు, గోరంత ముక్కలు సన్నగా కత్తిరించి నింపొచ్చు. కాస్త బరువెక్కుతాయి, దండ ఊగకుండా నిలువుగా నిలబడుతుంది. నెలల పిల్లలున్న ఇంట్లో కళ్ళకి పూసలు వద్దు, దారంతో కుట్టండి.

క్రిస్మస్‌కి ఇదే పద్ధతిలో ఐదు మూలల నక్షత్రాలు. మొనల దగ్గర మార్జిన్ దాదాపు కుట్టు దాకా కత్తిరించాలి, పెన్సిల్ మొద్దు వైపుతో మొన నెట్టాలి, పదునైనదానితో నెడితే చిరుగుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు ముక్కలతో కుట్టినవి డిసెంబర్లో చెట్టుకి కడతారు, అవే జనవరిలో కొత్త సంవత్సరానికీ ఉంచేయొచ్చు. స్నేహితులకి ఇవ్వడానికి ఈ ఐదింటిలో ఇదే తేలిక.

దిండు గలీబుల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. నాలుగున్నర అంగుళాల చదరాలు 16 కోసి, నాలుగు వరసలుగా కుడితే 16 అంగుళాల దిండుకి ముందు భాగం సిద్ధం. వెనక జిప్పు లేకుండా రెండు ముక్కలు ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా కుట్టండి. జరీ గుచ్చుకుంటుంది, పట్టు చిరుగుతుంది, నూలుకే పరిమితం కండి. ఏడాదంతా వాడుకలో ఉంటాయి కాబట్టి పండగ కళ తక్కువ. పండగ పేరుతో మొదలుపెట్టి, రోజూ పనికొచ్చే వస్తువు కావాలనుకునే వాళ్ళకి సరైనవి.

ఎవరు ఏది

మిషను లేదు, చేతికుట్టు వచ్చు, వారం రోజులే ఉంది: చిలకలో, నక్షత్రాలో. ఐదు చేసినా దండ దండే, పూర్తికాలేదన్న బాధ ఉండదు.

మిషను ఉంది, కొత్తగా నేర్చుకుంటున్నారు: తోరణం. ఇస్త్రీ పెట్టె పక్కనే పెట్టుకోండి, మడత త్రికోణాల అందమంతా ఇస్త్రీలోనే ఉంది.

ఇంట్లోనే జాకెట్లు కుడతారు, సంచీలు రెండు మూడున్నాయి: పీలికల పద్ధతిలో మెట్ల పట్టీలు. కొలువు లేకపోతే అదే పట్టీని దేవుడి గది అరల అంచుకో, టేబులు మధ్యకో వేయొచ్చు. దేవుడి గదిలో దీపపు కుందికి దూరంగా ఉండే అర చూసుకోండి.

చనిపోయిన పెద్దవాళ్ళ చీర ఒకటుంది, కోయడానికి చెయ్యాడటం లేదు: ముగ్గు బొంత అంచు. చీరంతా కోయక్కర్లేదు, అంచు నుంచి కొంత చాలు. మిగతా చీర మడతపెట్టి అలాగే దాచుకోవచ్చు. ఇలాంటి గుడ్డని దిండు గలీబుకి, వీధి గుమ్మానికి వాడకండి. రోజూ నలిగి, ఎండకి వెలిసి పోతుంటే చూడలేం.

అమెరికాలోనో, మరో దేశంలోనో ఉన్నారు: అక్కడ మామిడాకులు దొరకడమే కష్టం కాబట్టి ఆకుల తోరణానికే విలువ ఎక్కువ, ఆ శ్రమకి అర్థముంది. క్విల్టింగ్ దుకాణాల్లో 5 అంగుళాల చదరాలు కోసి కట్టలుగా అమ్ముతారు, 18 అంగుళాలకి 22 అంగుళాల ముక్కలూ దొరుకుతాయి. తెచ్చుకున్న చీరల ముక్కలు కొన్నే ఉన్నప్పుడు సాదా రంగులు అక్కడ కొని వీటిని మధ్యలో కలుపుకోండి. కొన్న గుడ్డ 5 అంగుళాలదైతే తోరణం త్రికోణం లోతు రెండున్నరే వస్తుంది, ఆ లెక్కన ఒకటి రెండు ఎక్కువ కుట్టుకోండి.

ఒకే పండక్కి రెండు రకాలు మొదలుపెట్టొద్దు. ఈ ఏడు తోరణం, వచ్చే ఏడు మెట్ల పట్టీలు అనుకుంటే రెండూ పూర్తవుతాయి. మెట్ల పట్టీలు కూడా ఈసారి పై మూడు మెట్లకే చాలు, కింది రెండిటికీ పాత దుప్పటి వేసినా కొలువుకి లోటేమీ రాదు.

పండగ అయ్యాక వెంటనే దులిపి, నీడలో ఆరేసి, మడత పెట్టకుండా గుండ్రంగా చుట్టి పాత నూలు గుడ్డలో కట్టండి. ప్లాస్టిక్ సంచిలో పెడితే వానాకాలం చెమ్మ లోపలే ఉండిపోయి బూజు మచ్చలు పడతాయి. ఎండిన వేపాకులు పలుచటి గుడ్డలో మూటకట్టి పక్కన వేయండి. పట్టీ వెనక ఒక మూల దారంతో కొలత కుట్టి ఉంచుకుంటే, ఏది ఏ గుమ్మానిదో, ఏ మెట్టుదో మళ్ళీ టేపు పట్టుకుని వెతకక్కర్లేదు.